ఒక్క పేరు చెప్పు

ఒక ఆదివారం సాయంత్రం మా అన్నయ్య కూతురితో మాట్లాడుతూ, ఏదో సందర్భంలో, "మనుషులు మారిపోయారమ్మా, మా రోజుల్లో ఇలా ఉండేవాళ్ళు కాదు" అన్నాను. యాభై దాటినవాడు ఈ మాట అనడానికి పెద్ద సందర్భమేమీ అక్కర్లేదు కనుక అదేమిటో నాకిప్పుడు గుర్తు కూడా లేదు. గుర్తున్నది ఆ పిల్ల అడిగిన ప్రశ్న. "ఎవరు మారారు బాబాయ్? ఒక్క పేరు చెప్పు" అంది. వెటకారానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను నోరు తెరిచి, పేరేదీ తట్టక, మళ్ళీ మూసుకున్నాను.

ఆ రాత్రి నాకు పాతికేళ్ళ పైబడి తెలిసినవాళ్ళందరినీ వరసగా తలుచుకున్నాను. అప్పుడు పిసినారిగా ఉన్నవాడు ఇప్పుడూ పిసినారే. అడగకుండా సాయానికి వచ్చే ఆవిడ ఇప్పటికీ అలాగే వస్తోంది. కోపిష్ఠికి వయసుతో గొంతు తగ్గింది తప్ప కోపం తగ్గలేదు. దేవుడి గురించి, డబ్బు గురించి, పిల్లల పెంపకం గురించి వాళ్ళ అభిప్రాయాలు ఏ వయసులో గడ్డకట్టాయో అక్కడే ఉన్నాయి. అయినా లోకం మారిందన్న సంగతిలో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. అప్పట్లో పదిమందిలో నిర్భయంగా అనగలిగిన మాటలు కొన్ని ఇప్పుడు ఎవరూ అనలేరు. అప్పుడు తలుపులు వేసుకుని చేసిన పనులు ఇప్పుడు వాకిట్లో జరుగుతున్నాయి. నాకు తెలిసినవాళ్ళెవరూ మారకుండా లోకం ఎట్లా మారినట్టు?

ఈ ప్రశ్న పట్టుకుని కొన్ని వారాలుగా సమాజశాస్త్ర గ్రంథాలు తిరగేస్తున్నాను. ఆ శాస్త్రంలో నేను పండితుణ్ణి కాను, చాలాకాలంగా ఇష్టంతో చదువుతున్న పాఠకుణ్ణి మాత్రమే. చదివిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: "మనుషులు మారారు" అనే వాక్యంలో క్రియ సరైనదే, కర్త తప్పు. సమాజంలో మార్పు అని మనం పిలిచేదానిలో పెద్ద భాగం ఒక్కొక్క మనిషి మనసు మార్చుకోవడం వల్ల వచ్చింది కాదు. మనుషులు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండగా వాళ్ళ కూర్పు మారడం వల్ల, ఒకరి గురించి ఒకరు వేసుకునే అంచనా మారడం వల్ల, నిలబడిన చోటు మారడం వల్ల వచ్చింది. ఈ అభిప్రాయానికి ఎదురుదెబ్బలు కూడా తగిలాయి. వాటినీ దాచను.

కర్త ఎక్కడున్నాడు

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ డుర్‌ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీద ప్రచురించిన పుస్తకాన్ని చాలామంది మతాలకు, దేశాలకు మధ్య ఉన్న తేడాల కోసం చదువుతారు. నన్ను ఆపింది అంతకన్నా చిన్న విషయం. ఒక దేశంలో పది లక్షలమందికి ఎంతమంది అనే ఆ రేటు ఏళ్ళ తరబడి ఇంచుమించు ఒకే తీరుగా ఉంటోందని, దేశాల మధ్య తేడాలు కూడా అంతే నిలకడగా ఉంటున్నాయని ఆయన చూపించాడు. ఈ ఏడాది ఆ లెక్కలోకి వచ్చినవాళ్ళు వచ్చే ఏడాది లెక్కలో ఉండే వీలే లేదు. అంటే మనుషులు ప్రతి సంవత్సరమూ పూర్తిగా వేరు, అయినా రేటు ఒక్కటే. ఆ అంకెలను నమోదు చేసిన అధికారుల తీర్పుల మీద 1967లో జాక్ డగ్లస్ గట్టి ప్రశ్నలే వేశాడు, అవి న్యాయమైనవి కూడా. కానీ తర్కం ఆ లెక్కల మీద మాత్రమే నిలబడలేదు. మనుషులంతా మారిపోయినా సంఖ్య కదలకుండా ఉండగలిగితే, మనుషులెవరూ మారకుండా సంఖ్య కదలడం మాత్రం ఎందుకు అసాధ్యం?

అసాధ్యం కాదని చెప్పడానికి గణితం అక్కర్లేదు, హాజరు పట్టీ చాలు. నేను పన్నెండేళ్ళుగా ఒక పుస్తక చర్చా బృందంలో ఉన్నాను. మొదట్లో ప్రతి సమావేశమూ తగాదాతో ముగిసేది. ఈమధ్య అందరూ ఒకరి మాటకు ఒకరు తల ఊపి, టీ తాగి, వెళ్ళిపోతున్నారు. "మనం మెత్తబడిపోయాం" అని పాత సభ్యుడొకరు బాధపడ్డాడు. ఆ మాట విని ఇంటికొచ్చి పాత రిజిస్టరు తీసి చూశాను. మొదటి ఏడాది వచ్చిన పద్దెనిమిదిమందిలో ఇప్పుడు మిగిలింది ముగ్గురం. ఆ ముగ్గురమూ ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నాం. మెత్తబడినవాళ్ళు ఎవరూ లేరు. మెత్తనివాళ్ళు వచ్చి చేరారు, అంతే. "మనం" అనే సర్వనామం పన్నెండేళ్ళూ ఒకటే కావడం వల్ల అది సూచించే మనుషులు కూడా ఒకరేనని మా మిత్రుడు అనుకున్నాడు.

పెద్ద సమాజాల విషయంలో ఈ పని జనన మరణాలు చేస్తాయి. యవ్వనారంభంలో ఎదురైన అనుభవాలు ఒక తరం చూపును మలుస్తాయని, తర్వాత వచ్చిన అనుభవాలను ఆ చూపుతోనే అర్థం చేసుకుంటారని కార్ల్ మన్‌హైమ్ 1928 నాటి వ్యాసంలో వాదించాడు. నార్మన్ రైడర్ 1965లో దీన్ని జనాభా శాస్త్రం వైపు నుంచి తీసుకుని, ఒకే కాలంలో పుట్టి ఒకే వయసులో ఒకే చరిత్రను ఎదుర్కొన్న జట్టును కోహార్ట్ అన్నాడు. పాత జట్టు పోతూ కొత్త జట్టు వస్తూ ఉండడాన్ని ఆయన శరీరంలో జరిగే జీవక్రియతో పోల్చాడు. మతాచరణ మీద డేవిడ్ వోయాస్, మార్క్ చేవ్స్ 2016లో ప్రచురించిన పరిశోధన దీనికి మంచి నిదర్శనం. అమెరికాలో మతం పట్టు సడలుతోందంటే నడివయసువాళ్ళు ఒక్కసారిగా చర్చికి పోవడం మానేశారని కాదు; ప్రతి జట్టూ తన ముందు జట్టు కన్నా కాస్త తక్కువ మతనిష్ఠతో పెద్దదవుతోంది, ఆ తక్కువనే జీవితాంతం మోస్తోంది. ఏ ఇంట్లోనూ ఏ రోజూ ఏదీ జరిగినట్టు కనిపించదు. నలభై ఏళ్ళ తర్వాత చూస్తే దేశం వేరేగా ఉంటుంది.

మా అన్నయ్య కూతురికి నేను చెప్పలేకపోయిన పేరు ఇక్కడ దొరికింది అనుకున్నాను. మారింది నాకు తెలిసినవాళ్ళు కాదు. వాళ్ళ పక్కన, ఆ పిల్లతో సహా, కొత్తవాళ్ళు వచ్చి నిలబడ్డారు.

పాత డైరీ చేసిన ద్రోహం

ఇంత దాకా వచ్చాక నా వాదం కింద నేల కదిలింది. కదిలించింది ఏ ప్రొఫెసరూ కాదు, నా డైరీయే.

పిల్లల్ని కొట్టి చదివించడాన్ని నేను ఎప్పుడూ ఒప్పుకోలేదని నా గట్టి నమ్మకం. ఈ విషయంలో ఇతరులతో కఠినంగా వాదించాను కూడా. వేరే ఏదో తారీఖు కోసం పాతికేళ్ళ వయసులో రాసుకున్న డైరీ తిప్పుతుంటే, బెత్తం వాడే ఒక ఉపాధ్యాయుణ్ణి మెచ్చుకుంటూ నా చేతిరాతలోనే ఒకటిన్నర పేజీ కనిపించింది. "దెబ్బకు దయ్యం దిగుతుంది" అనే సామెతను సమర్థనగా రాసుకున్నాను. అక్షరం నాదే, సిరా నాదే, అభిప్రాయం మాత్రం ఎవరో పరాయివాడిది. నేను ఎప్పుడు మారానో, ఎందుకు మారానో నాకు తెలియదు. మారాననే తెలియదు. మారినవాళ్ళ జాబితా రాయడానికి ఆ రాత్రి కూర్చున్నప్పుడు నా పేరు నాకే తట్టలేదు.

ఇది నా ఒక్కడి మతిమరుపు కాదు. గ్రెగరీ మార్కస్ 1986లో ప్రచురించిన పరిశోధనలో, 1973లో రాజకీయాభిప్రాయాలు చెప్పిన అమెరికన్లనే 1982లో మళ్ళీ కలిసి, ఇప్పుడు మీరేమంటారు, తొమ్మిదేళ్ళ కింద ఏమన్నారు అని రెండూ అడిగారు. తమ పాత అభిప్రాయమని వాళ్ళు గుర్తు తెచ్చుకున్నది 1973లో నిజంగా చెప్పినదాని కన్నా 1982లో చెబుతున్నదానికే దగ్గరగా ఉంది. మనిషి తన గతాన్ని వర్తమానపు రంగుతో వెల్ల వేసుకుంటాడన్నమాట. ఇదే నిజమైతే "నాకు తెలిసినవాళ్ళెవరూ మారలేదు" అన్న నా సాక్ష్యం చెల్లదు. నా మిత్రులు నా అంత నిశ్శబ్దంగానే మారి ఉండవచ్చు, నేనూ వాళ్ళతో పాటు మారాను కనుక నాకు కనిపించి ఉండకపోవచ్చు. పక్కపక్కన ఒకే వేగంతో పోతున్న రెండు రైళ్ళలో కూర్చున్నవాళ్ళకు రెండూ ఆగి ఉన్నట్టే ఉంటుంది.

జ్ఞాపకాన్ని నమ్మలేకపోతే చేయగలిగింది ఒకటే: ఒకే మనిషిని వేర్వేరు సంవత్సరాలలో, అప్పటికప్పుడు అడిగి రాసుకోవడం. దీన్ని ప్యానెల్ సర్వే అంటారు. అమెరికాలో 1972 నుంచి నడుస్తున్న జనరల్ సోషల్ సర్వే 2006 తర్వాత కొంతమందిని రెండేసి ఏళ్ళ ఎడంతో మూడుసార్లు అడిగింది. ఆ జవాబులను తీసుకుని కెవిన్ కైలీ, స్టీఫెన్ వేసీ 2020లో ఒక మంచి ప్రశ్న వేశారు. ఎవరైనా రెండోసారి వేరే జవాబు చెబితే మూడోసారి దాని మీదే నిలబడుతున్నారా, పాత చోటికి తిరిగి వస్తున్నారా? చాలా విషయాల్లో తిరిగే వస్తున్నారని వాళ్ళు కనుగొన్నారు. గడియారం లోలకం అటూ ఇటూ ఊగుతుంది, మేకు మాత్రం కదలదు. పెద్దవాళ్ళ అభిప్రాయాలలో శాశ్వతంగా చోటు మారేవి కొద్ది. అవి కూడా ఎక్కువగా బహిరంగ చర్చలో బాగా నలిగిన విషయాలే.

ఆ కొద్దివాటిని నేను తేలిగ్గా తీసేయలేను. ఒకే లింగానికి చెందినవారి వివాహాన్ని చట్టం గుర్తించాలా అని గాలప్ సంస్థ 1996లో అడిగినప్పుడు అమెరికన్లలో 27 శాతం మంది అవునన్నారు. 2022లో అడిగితే 71 శాతం అన్నారు. ఇరవై ఆరేళ్ళలో 44 శాతం పాయింట్ల తేడా రావడానికి వృద్ధుల మరణాలు, పిల్లల పుట్టుకలు ఎంతమాత్రం సరిపోవు. లక్షలమంది బతికుండగానే, పెద్దవయసులోనే, మనసు మార్చుకున్నారు. బహుశా తమకు అప్పటికే ఆప్తులైనవారు తామెవరో బయటికి చెప్పడం దానికి ఒక కారణం. కారణం ఏదైనా, ఇక్కడ కర్త మనుషులే. నా సూత్రం ఈ చోట ఓడిపోయింది. మార్పు ఇంత వేగంగా, ఇంత కొట్టొచ్చినట్టు జరిగిన ఉదాహరణలు మన కళ్ళలో పడతాయి కనుక మిగతా మార్పులన్నీ ఇలాగే జరిగాయని అనుకుంటామేమో అని మాత్రం అనిపిస్తుంది.

గడప దగ్గర

తరాల మార్పు నిదానం, మనసుల మార్పు అరుదు. మరి రాత్రికి రాత్రి జరిగేవి ఎట్లా జరుగుతాయి?

చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన ఒక ఆఫీసులో పనివేళ సాయంత్రం ఆరింటికి ముగిసేది, మనుషులు మాత్రం ఎనిమిదింటికి లేచేవాళ్ళు. పని ఉండి కాదు. ఎవరు ముందు లేస్తారా అని చూస్తూ కూర్చునేవాళ్ళం. ఒకరితో ఒకరం విడిగా మాట్లాడుకున్నప్పుడు ఈ కూర్చోవడం తెలివితక్కువ పనే అని ప్రతి ఒక్కరూ ఒప్పుకునేవాళ్ళు. నలుగురితో నారాయణా అన్నట్టు, ఒప్పుకుని మళ్ళీ కూర్చునేవాళ్ళు. ఒక ఏడాది కొత్తగా చేరిన ఒకమ్మాయి మొదటి రోజు నుంచే ఆరింటికి సంచీ భుజాన వేసుకుని, అందరికీ నవ్వుతూ చెప్పి, వెళ్ళిపోయేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకున్నాం. రెండో వారం ఇంకొకరు ఆమెతో పాటు మెట్లు దిగారు. ఆ తర్వాత ఇద్దరు. రెండు నెలలు తిరిగేసరికి ఆరున్నరకల్లా దీపాలు ఆరిపోయేవి. బయటినుంచి చూసిన ఎవరైనా ఆ ఆఫీసు స్వభావమే మారిపోయిందంటారు. లోపల ఉన్నవాడిగా నేను చెప్పగలను, ఒక్కరి అభిప్రాయం కూడా మారలేదు.

అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1978లో రాసిన వ్యాసం చదివినప్పుడు ఆ మెట్లు గుర్తొచ్చాయి. ఆయన చెప్పింది సులభమైన సంగతి. పదిమందిలో ఒక పని చేయడానికి ప్రతి మనిషికీ ఒక గడప ఉంటుంది. ఎంతమంది ముందు చేస్తే తానూ చేస్తాడు అనేదే ఆ గడప. ఒక కూడలిలో వందమంది ఉన్నారనుకుందాం. ఒకడి గడప సున్నా, అంటే ఎవరూ చేయకపోయినా రాయి విసురుతాడు. రెండోవాడి గడప ఒకటి, మూడోవాడిది రెండు, అలా చివరివాడిది తొంభై తొమ్మిది. మొదటివాడు విసిరితే రెండోవాడు, వాళ్ళిద్దర్నీ చూసి మూడోవాడు, చివరికి వందమందీ అల్లరిలో ఉంటారు. ఇప్పుడు ఆ గుంపులో గడప ఒకటి ఉన్నవాణ్ణి తీసేసి గడప రెండు ఉన్నవాణ్ణి పెట్టండి. మొదటివాడు విసురుతాడు, ఇద్దరు చేస్తే చూద్దామని మిగతావాళ్ళు చూస్తూ ఉంటారు, కథ అక్కడితో ఆగిపోతుంది. రెండు గుంపుల సగటు స్వభావంలో తేడా కనిపెట్టడం కూడా కష్టం. మర్నాడు పత్రికలు మాత్రం మొదటిదాన్ని అరాచకుల గుంపనీ, రెండోదాన్ని ఒక పిచ్చివాణ్ణి చూస్తూ నిలబడిన మర్యాదస్తుల గుంపనీ రాస్తాయి. జరిగినదాన్ని చూసి మనుషుల లోపలి స్వభావం చెప్పేయడం ఎంత ప్రమాదమో ఇంతకన్నా సూటిగా చెప్పిన రచన నేను చదవలేదు.

పది పదిహేనేళ్ళలోనే చరిత్ర ఈ లెక్కను పెద్ద ఎత్తున చేసి చూపించింది. తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1989 సెప్టెంబరులో సోమవారం ప్రార్థనల తర్వాత కొద్దిమందితో మొదలైన ఊరేగింపు అక్టోబరు 9 నాటికి డెబ్భై వేలమందికి చేరింది, ఆ తర్వాతి సోమవారాలలో ఇంకా పెరిగింది, నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఆ కొద్ది వారాల్లో డెబ్భై వేలమంది కొత్తగా అసంతృప్తి చెందారని ఎవరూ అనుకోరు. అసంతృప్తి ఏనాటిదో, పక్కవాడికీ ఉందన్న సంగతి తెలియడమే కొత్త. ఆర్థికవేత్త టిమూర్ కురాన్ దీన్ని 1991లో వివరిస్తూ అలెన్స్‌బాఖ్ సంస్థ చేసిన ఒక సర్వేను ఉదహరించాడు. గోడ పడిన కొన్ని నెలలకు తూర్పు జర్మన్లను, ఏడాది కింద మీరు ఇటువంటి శాంతియుత విప్లవాన్ని ఊహించారా అని అడిగితే, ఊహించామన్నవాళ్ళు 5 శాతం. ఊహించాం గానీ ఇంత త్వరగా అనుకోలేదన్నవాళ్ళు 18 శాతం. పూర్తిగా ఆశ్చర్యపోయామన్నవాళ్ళు 76 శాతం. ఆ విప్లవం చేసింది ఈ ఆశ్చర్యపోయినవాళ్ళే.

బయటికి చెప్పే అభిప్రాయం ఒకటి, లోపల దాచుకున్నది మరొకటి అనే కురాన్ వివరణ నాకు బాగా నచ్చింది, కొంచెం ఎక్కువగానే నచ్చింది. అందుకే దాన్ని అనుమానించాల్సి వచ్చింది. ఒకసారి మా ఇంటికి సర్వే చేసే ఒకావిడ వచ్చింది. పక్కింటాయన అప్పుడు నాతో కూర్చుని మాట్లాడుతున్నాడు. ఏదో ప్రభుత్వ విధానం గురించి ఆమె అడిగిన ప్రశ్నకు "కొంతవరకు అంగీకరిస్తాను" అన్నాను. ఇద్దరూ వెళ్ళాక, పక్కింటాయన లేకపోతే ఏమని ఉండేవాణ్ణి అని ఆలోచించాను. లోపల ఏదో అసలు అభిప్రాయం పెట్టెలో భద్రంగా ఉంటుందనుకుని మూత తీసి చూస్తే, పెట్టె ఖాళీ. ఆ విషయం మీద నాకు అభిప్రాయమే లేదు. ఆమె అడగడం వల్ల, ఆయన పక్కన ఉండడం వల్ల ఒకటి పుట్టింది. లైప్‌జిగ్ వీధుల్లోకి వచ్చినవాళ్ళందరి లోపలా అసంతృప్తి తయారుగా ఉందా, నడుస్తూ నడుస్తూ ఉండగా తయారైందా? రెండో రకంవాళ్ళు కూడా గణనీయంగానే ఉండి ఉంటారని నా అనుమానం. అదే నిజమైతే గుంపులో కలవడం వాళ్ళను మార్చింది, అంటే మనుషులు మారినట్టే. అయితే ఆ మార్పు కారణంగా కాక ఫలితంగా వచ్చింది.

చోటు

ఇక మూడోది, నిలబడిన చోటు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో శామ్యూల్ స్టౌఫర్ బృందం అయిదు లక్షల పైచిలుకు అమెరికన్ సైనికులను ప్రశ్నించి, 1949లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో ఒకటి ఇప్పటికీ నన్ను నవ్విస్తుంది. మిలిటరీ పోలీసు దళంలో ప్రమోషన్లు అరుదు, వైమానిక దళంలో ధారాళం. ప్రమోషన్ల తీరు బాగానే ఉందని తృప్తి పడినవాళ్ళు మాత్రం మిలిటరీ పోలీసుల్లోనే ఎక్కువ. అందరూ ఆగిపోయిన చోట ఆగిపోవడంలో బాధ లేదు. తోటివాళ్ళంతా మెట్లెక్కుతుంటే కింద మిగలడమే బాధ. దీనికి సాపేక్ష లేమి అని పేరు పెట్టారు. ఇంతకు చాలా ముందే, 1856లో, రాజకీయ చింతకుడు టోక్‌విల్ ఫ్రెంచి విప్లవం గురించి ఇటువంటిదే గమనించాడు: బతుకు కాస్త మెరుగవుతున్న ప్రాంతాల్లోనే అసహనం ఎక్కువగా ఉందని. ఒకే సైనికుణ్ణి ఈ దళం నుంచి ఆ దళానికి పంపితే తృప్తిపరుడు కాస్తా సణుగుడుగాడవుతాడు. స్వభావం మారిందని మనం రాసుకుంటాం.

చోటు మారితే మనిషి ఎంత మారతాడో చూపిన పరిశోధనల్లో నేను మళ్ళీ మళ్ళీ చదివేది మారియెంతాల్ గురించినది. వియన్నాకు దగ్గరలో ఉన్న ఆ చిన్న ఊరు మొత్తం ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1930 నాటికి మిల్లు మూతపడి, ఊరంతా పని పోగొట్టుకుంది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ ట్సైజెల్ అక్కడికి వెళ్ళి చేసిన అధ్యయనం 1933లో పుస్తకంగా వచ్చింది. నిజానికి కార్మికులు తీరిక సమయాన్ని ఎలా గడుపుతారో చదవాలని వాళ్ళు మొదట అనుకున్నారట. ఇంత నిరుద్యోగం ఉండగా తీరిక గురించి పరిశోధన ఏమిటని సోషలిస్టు నాయకుడు ఓటో బావర్ మందలించాడట. చిత్రమేమిటంటే మారియెంతాల్‌లో దొరికింది తీరికే, అంతులేని తీరిక. చదువుకోవడానికి రోజంతా ఉంది, గ్రంథాలయం రుసుము కూడా తీసేశారు, అయినా తీసుకెళ్ళే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. సంఘాలలో, పార్టీలలో చురుకు తగ్గింది. పరిశోధకులు కిటికీ చాటున నిలబడి వీధిలో నడిచేవారి వేగం కొలిచారు. మగవాళ్ళు మెల్లగా నడుస్తున్నారు, మాటిమాటికీ ఆగుతున్నారు. ఇంటి చాకిరీ ఎక్కడికీ పోలేదు కనుక ఆడవాళ్ళు మాత్రం వేగంగానే నడుస్తున్నారు. పేదరికం తిరుగుబాటుకు దారితీస్తుందని ఎదురుచూసినవాళ్ళకు అక్కడ కనిపించింది తిరుగుబాటు కాదు, నీరసం.

అక్కడి మగవాళ్ళను ఆ వీధిలో చూసిన కొత్తవాడెవడైనా సోమరులని తేల్చి ఉండేవాడు. రెండేళ్ళ కింద అదే కాళ్ళు మిల్లు వేళకు పరిగెత్తాయని అతనికి తెలియదు. "మనుషులు మారారు" అన్న మాటకు నేను వ్యతిరేకిని కావడానికి అసలు కారణం ఇక్కడుంది. ఆ మాట వర్ణనగా మొదలై, చాలా త్వరగా తీర్పు అయిపోతుంది. ఇప్పటివాళ్ళు సోమరులు, ఇప్పటివాళ్ళు స్వార్థపరులు అంటున్నప్పుడు మిల్లు మూతపడిన సంగతి వాక్యంలోంచి జారిపోతుంది.

దీనికి ఒక మిత్రుడు ఫోనులో గట్టిగానే అడ్డు చెప్పాడు. "నువ్వు చెప్పేదాని ప్రకారం ఎవరూ దేనికీ బాధ్యులు కారు. కూర్పు, గడప, చోటు అన్నీ ఉన్నాయి, మనిషే లేడు" అన్నాడు. సమాజశాస్త్రం మీద ఈ నింద పాతదే, అందులో నిజం కూడా ఉంది. ఆ శాస్త్రంలో కొన్ని పుస్తకాలు చదువుతుంటే మనుషులు చదరంగం పావుల్లా తోస్తారు. కానీ నాకు గడపల లెక్క దీనికి విరుద్ధంగా కనిపిస్తుంది. వందమందిలో గడప ఒకటి ఉన్న ఆ రెండోవాడు ఏమంత ధైర్యవంతుడూ కాదు, నాయకుడూ కాదు. అయినా మిగతా తొంభై ఎనిమిదిమంది సంగతి అతని మీదే ఆధారపడింది. అదే మనిషిని వేరే గుంపులో పెడితే అతను చేసినా చేయకపోయినా ఒకటే. తన పని ఎప్పుడు లెక్కలోకి వస్తుందో అతనికి ముందుగా తెలిసే వీలు లేదు. ఇది బాధ్యతను తగ్గిస్తుందో పెంచుతుందో నేను తేల్చుకోలేకపోతున్నాను, నా మిత్రుడు మాత్రం ఇది తప్పించుకోవడమే అంటున్నాడు.

ఆ ఆఫీసు సంగతి పూర్తిగా చెప్పలేదు. ఆరింటికి లేచి వెళ్ళే ఆ అమ్మాయి ఏడాది తర్వాత వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, కొత్త నిబంధన ఏదీ రాలేదు. ఒక వారం ఒకరు ఆరున్నర దాకా ఆగారు, ఆ పై నెల ఇద్దరు ఏడింటి దాకా, మరో ఆరు నెలలకు దీపాలు మళ్ళీ ఎనిమిదింటి దాకా వెలగడం మొదలైంది. ఈ కూర్చోవడం తెలివితక్కువ పనే అని అప్పుడు కూడా విడివిడిగా అందరం ఒప్పుకునేవాళ్ళం. ఆమె వెనక మెట్లు దిగినవాళ్ళలో నేను నాలుగోవాణ్ణి, అది బాగా గుర్తుంది. తిరిగి కూర్చోవడం మొదలుపెట్టినవాళ్ళలో ఎన్నోవాణ్ణో మాత్రం లెక్క పెట్టుకోలేదు.